ఒకే రోజు, రెండు ల్యాబులు, రెండు పొటాషియంలు: తప్పు ఎక్కడ జరుగుతోంది?

పటమటలంక_పద్మ
అమ్మకి 68. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతోంది. మా వీధి చివర క్లినిక్‌లో చూపిస్తాం. అక్కడి డాక్టరుగారు మామూలుగా చేయించే కిడ్నీ టెస్టులు, ఎలక్ట్రొలైట్లు (సోడియం, పొటాషియం లాంటి లవణాలు) రాశారు. పొద్దున్నే ల్యాబ్ కుర్రాడు ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళాడు. సాయంత్రం వాట్సాప్‌లో రిపోర్టు వచ్చింది. పొటాషియం 6.3, ఎర్ర అక్షరాల్లో. డాక్టరుగారికి ఫోన్ చేస్తే వెంటనే ఈసీజీ తీయించండి, రక్తం మళ్ళీ ఇవ్వండి అన్నారు. సూర్యారావుపేటకి పరిగెత్తాం. ఈసీజీ మామూలుగానే ఉంది. అక్కడి ల్యాబ్‌లో పొటాషియం 4.4. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం రెండు చోట్లా ఒకటే.

మొదటి ల్యాబ్‌ని అడిగితే "మా మిషన్ జర్మనీదండీ, తప్పు రాదు" అన్నారు. ఈ టెన్షన్‌కి అమ్మ బీపీ పెరిగింది, అది వేరే సంగతి.

తిట్టడానికి పెట్టలేదు ఈ పోస్టు. మా డాక్టరుగారే "నా క్లినిక్ నుంచి రోజూ శాంపిల్స్ వెళ్తున్నాయి. నా వైపు నుంచి ఏం మార్చాలో తెలిసినవాళ్ళు చెబితే మారుస్తా" అన్నారు. ఇక్కడ ల్యాబ్ వాళ్ళూ డాక్టర్లూ ఉన్నారు కదా, చెప్పండి.

వన్‌టౌన్_వాసు
అన్ని ల్యాబులూ అంతే, కమీషన్ల గోల. రెండూ కలిపి సగం చేయండి, 5.35. అమ్మగారు క్షేమం.

ల్యాబ్‌టెక్_తెనాలి
సగటు తీసే లెక్క కాదు వాసు గారూ, ఒకటి తప్పు, ఒకటి ఒప్పు.

పద్మగారూ, మొదటి రిపోర్టు కింద "హిమోలైజ్డ్ శాంపిల్", అంటే రక్తకణాలు పగిలిన శాంపిల్ అని ఏమైనా రాశారేమో చూడండి. ఎర్ర రక్తకణం లోపల ఉండే పొటాషియం, బయట సీరంలో, అంటే కణాలు తీసేస్తే మిగిలే ద్రవంలో ఉన్నదానికి ఇరవై రెట్లకు పైనే. కాసిని కణాలు పగిలినా చాలు, అంకె ఎగిరిపోతుంది. సన్న సూదితో గట్టిగా లాగినా, సిరంజిలోంచి ట్యూబులోకి బలంగా నొక్కినా, ట్యూబుని గిలకరించినా పగులుతాయి. పగలకపోయినా సరే, సెంట్రిఫ్యూజ్ తిప్పి సీరం వేరు చేయకుండా గంటల తరబడి ఉంచితే లోపలి పొటాషియం బయటికి కారుతుంది. ఐస్ ప్యాక్ మీద పెడితే ఇంకా ఎక్కువ కారుతుంది. చల్లగా ఉంటే శాంపిల్ భద్రంగా ఉంటుందనుకుని చాలామంది పిల్లలు ఆ పనే చేస్తారు.

క్రియాటినిన్ మారలేదన్నారు చూడండి, నాకు అనుమానం అక్కడే వచ్చింది. మిషన్ పాపం తనకిచ్చిన సీరంలో ఉన్నదే చెప్పింది.

పటమటలంక_పద్మ
హిమోలైజ్డ్ అని ఎక్కడా లేదండీ. కుర్రాడు మా తర్వాత కానూరు, పోరంకి కూడా వెళ్ళాలన్నాడు. సంచిలో ఐస్ ప్యాక్ ఉంది. ఇంకోటి, నరం దొరక్క రబ్బరు పట్టీ చాలాసేపు కట్టి ఉంచాడు. పిడికిలి మూయమ్మా, తెరువమ్మా అని అంటూనే ఉన్నాడు.

ల్యాబ్‌టెక్_తెనాలి
ఇంకేం, అన్నీ కుదిరాయి. పట్టీ నిమిషం దాటకూడదు. పిడికిలి ఆడించినా పొటాషియం పెరుగుతుంది.

నాలుగోలైను_నాగు
మిషన్ జర్మనీ, సంచి పోరంకి.

పల్లె_డాక్టరు
గుంటూరు జిల్లాలో పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ని. ముందు ఒక జాగ్రత్త. తెనాలి సోదరుడు చెప్పినదంతా నిజమే, కానీ ఇది చదివి రేపు ఎవరైనా "నాది కూడా సంచి పొటాషియమే" అని ఇంట్లో కూర్చుంటే ప్రమాదం. టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ లాంటి మందులు వాడేవాళ్ళకి క్రియాటినిన్ పెద్దగా మారకుండా కూడా పొటాషియం నిజంగానే పెరగొచ్చు. 6 దాటితే అదే రోజు ఈసీజీ, అదే రోజు మళ్ళీ శాంపిల్. పద్మగారి డాక్టరు చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని.

ఇక ఆయన అడిగిన ప్రశ్న. టెస్టు అంటే మిషన్ దగ్గర జరిగేదే అనుకుంటాం. నేను టెస్టు చీటీ రాసిన క్షణం నుంచి, ఫలితం రోగి చెవిన పడి దానికి తగ్గ మందు మొదలయ్యేదాకా మొత్తం టెస్టే. మిషన్ లోపల జరిగే తప్పులు తక్కువ. దానికి ముందూ వెనకా జరిగేవే ఎక్కువ.

మా దగ్గర జరిగినదే చెబుతా. గర్భిణులకి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి షుగర్ చూస్తాం. 140 తగిలితే గర్భిణి మధుమేహం కిందే లెక్క. ట్యూబులో రక్తం అలా ఉంచేస్తే కణాలు ఆ గ్లూకోజ్‌ని తినేస్తూనే ఉంటాయి, గంటకి ఇంచుమించు 5 నుంచి 7 శాతం. అసలు 146 ఉన్న అమ్మాయి రక్తం మామూలు ట్యూబులో రెండు గంటలు బల్ల మీద కూర్చుంటే 130 దగ్గరికి వస్తుంది. రిపోర్టు నార్మల్. ఆ అమ్మాయికి షుగర్ ఉన్న సంగతి కాన్పు రోజు బిడ్డ నాలుగు కేజీలు తూగినప్పుడు తెలుస్తుంది. బూడిదరంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ ఉండేది ఇందుకే. అది కూడా మొదటి గంటా రెండు గంటలూ పూర్తిగా ఆపలేదు, కాబట్టి ఆ ట్యూబు వాడినా త్వరగా తిప్పాల్సిందే.

మేం కొన్నది కొత్త మిషన్ కాదు. ఒక గోడ గడియారం, ఒక పెన్ను. ప్రతి ట్యూబు మీదా రక్తం తీసిన టైము రాయాలి. సెంట్రిఫ్యూజ్‌లో పెట్టిన టైము రిజిస్టర్‌లో రాయాలి. రాయడం మొదలుపెట్టాక ఆలస్యం ఎక్కడ అవుతోందో మాకే కనబడింది. ఓపీ రద్దీలో ట్యూబులన్నీ పోగుపడ్డాక ఒకేసారి తిప్పేవాళ్ళం. ఇప్పుడు రెండు మూడు విడతల్లో తిప్పుతున్నాం.

వన్‌టౌన్_వాసు
ఇంత మంచి పీహెచ్‌సీ ఏ ఊళ్ళోనండీ? ఆధార్ మార్పించుకుంటా.

ఆటోనగర్_ఇంజినీర్
నాకు మెడికల్ తెలీదు, క్వాలిటీ పని తెలుసు. డాక్టరుగారితో ఒక్క చోట విభేదిస్తున్నా. "మిషన్ లోపల తప్పులు తక్కువ" అనే మాట రోజూ మిషన్‌ని సరిచూసే ల్యాబ్‌కే వర్తిస్తుంది. చూడని ల్యాబ్ సంగతేంటి? మా షాపులో మైక్రోమీటర్‌నే ప్రామాణిక గేజ్‌తో సరిచూడకుండా వాడనివ్వం.

మా బావమరిది చిన్న ల్యాబ్ పెట్టాడు, సెమీ ఆటో అనలైజర్. కంట్రోల్ సీరం రోజూ నడుపుతావా అంటే "ఖర్చు బావా, డౌట్ వచ్చినప్పుడు నడుపుతా" అన్నాడు. డౌట్ రానప్పుడే కదా నడపాల్సింది! విలువ ముందే తెలిసిన సీరం రోజూ పెట్టి, వచ్చిన అంకెని గ్రాఫ్ మీద చుక్క పెట్టాలి. సగటుకి అటూ ఇటూ రెండు ఎస్‌డీలు, మూడు ఎస్‌డీల గీతలు ఉంటాయి (ఎస్‌డీ అంటే స్టాండర్డ్ డీవియేషన్, అంకెలు సగటు నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతాయో చెప్పే కొలత). దాన్ని లెవీ జెన్నింగ్స్ చార్ట్ అంటారట. 1950 నుంచీ ఉంది. మా ఫ్యాక్టరీ కంట్రోల్ చార్టే, పేరు మార్చారు. ఒక చుక్క మూడు ఎస్‌డీ దాటినా, వరసగా రెండు చుక్కలు ఒకే వైపు రెండు ఎస్‌డీ దాటినా ఆ రోజు రిపోర్టులు ఆపాలి. చుక్కలన్నీ మెల్లగా ఒకే వైపు జరుగుతుంటే రీఏజెంట్ (టెస్టుకి వాడే రసాయనం) పాడవుతోందనో, క్యాలిబ్రేషన్ తప్పిందనో అర్థం.

ల్యాబ్‌టెక్_తెనాలి
ఇంజినీర్ గారు కరెక్ట్. పైగా లోపలి కంట్రోల్ ఒక్కటే చాలదు. బయటి నుంచి వచ్చే గుర్తు తెలియని శాంపిల్ కూడా చేసి పంపాలి. వెల్లూరు సీఎంసీ వాళ్ళు దేశం మొత్తానికి ఆ పథకం నడుపుతున్నారు. మన అంకె మిగతా ల్యాబుల అంకెల మధ్య ఎక్కడుందో తిరిగి పంపుతారు. చిన్న ల్యాబులు కూడా చేరొచ్చు. చేరాక వచ్చిన శాంపిల్‌ని పక్క ల్యాబ్‌కి పంపి "సరైన సమాధానం" కనుక్కునేవాళ్ళని కూడా చూశాననుకోండి.

నాలుగోలైను_నాగు
ఇంటర్ నుంచి వచ్చిన అలవాటు, అంత తేలిగ్గా పోద్దా.

కొత్తపేట_కామాక్షి
ఇంత గొడవ ఎందుకు, ల్యాబులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ సంస్థ గుర్తు ఉన్న ల్యాబ్‌కి పంపితే సరిపోదా?

పల్లె_డాక్టరు
ఉంటే మంచిదే మేడమ్. మెడికల్ ల్యాబుల కోసం ఉన్న ఐఎస్‌ఓ 15189 ప్రమాణం ప్రకారం తనిఖీ చేసి ఇస్తారు. కానీ ఆ గుర్తింపు ల్యాబ్ బోర్డుకి కాదు, స్కోప్‌లో, అంటే గుర్తింపు ఇచ్చిన జాబితాలో రాసిన టెస్టులకి. అన్ని టెస్టులూ అందులో ఉండకపోవచ్చు. ఏవేవి ఉన్నాయో ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. మీ ఇంటికొచ్చిన కుర్రాడి సంచిని మాత్రం రోజూ ఎవరూ తనిఖీ చేయరు.

సింగ్‌నగర్_శ్రీను
మా తమ్ముడి కేసు. 2024 బుడమేరు వరద తర్వాత మా ఏరియాలో ఇంటింటికీ జ్వరమే. వీడికి ప్లేట్‌లెట్లు 38 వేలు అని రిపోర్టు. ఇంట్లో ఏడుపులు. బొప్పాయి ఆకు రసం తాగించారు, అది తాగాక వాడూ ఏడ్చాడు. తీరా జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) స్లయిడ్ మీద చూసి, ప్లేట్‌లెట్లు ఉండలు కట్టాయి, అసలు లక్షన్నర పైనే ఉంటాయి అన్నారు. అదెలా?

ల్యాబ్‌టెక్_తెనాలి
ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ ఉంటుంది. కొందరి రక్తంలో ఆ ఈడీటీఏ వల్లే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కణాలు లెక్కపెట్టే మిషన్, అదే సెల్ కౌంటర్, ఆ ఉండల్ని ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టలేదు. ట్యూబుని సరిగా కలపకపోయినా చిన్న గడ్డలు వచ్చి అదే జరుగుతుంది. మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయాలి, ఊపకూడదు. ప్లేట్‌లెట్లు బాగా తక్కువ వస్తే స్మియర్ (స్లయిడ్ మీద పూసిన రక్తం) చూడకుండా రిపోర్టు ఇవ్వకూడదు. నేను నేర్చుకున్న పద్ధతి అది. సీజన్‌లో రోజుకి వందల శాంపిల్స్ వచ్చినప్పుడు ఎందరు చూస్తున్నారో చెప్పలేను.

సింగ్‌నగర్_శ్రీను
బొప్పాయి రసం సంగతి వాడికి చెప్పను. తగ్గింది దాని వల్లే అని నమ్ముతున్నాడు.

ఉండవల్లి_ఉష
డెంగీ కార్డు టెస్టు కూడా అంతే. మా పాపకి జ్వరం మొదలైన రోజే ఐజీఎం నెగెటివ్ అని ఇంటికి పంపేశారు.

పల్లె_డాక్టరు
ఐజీఎం అంటే జ్వరానికి ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీ, అది మొదటి రోజు రాదు, దాదాపు ఐదో రోజు నుంచి చూడాలి. మొదటి రోజుల్లో చూడాల్సింది ఎన్‌ఎస్1, అంటే వైరస్‌దే ఒక ప్రొటీన్. టెస్టు తప్పు కాదు, రాసిన రోజు తప్పు. ల్యాబ్ చీటీ మీద "జ్వరం ఎన్నో రోజు" అని ఒక గడి ఉంటే సగం గొడవ తీరుతుంది. మా చీటీలో పెట్టాం. కార్డు పాజిటివ్ వచ్చినా ప్రభుత్వ లెక్కలో ఎలైజా అనే ల్యాబ్ టెస్టు చేశాకే డెంగీ అని నిర్ధారిస్తారు.

వన్‌టౌన్_వాసు
మరి టైఫాయిడ్‌కి చేసే వైడాల్ టెస్టు? మా ఇంట్లో జ్వరం వస్తే చాలు, "కొంచెం టైఫాయిడ్ ఉంది" అంటారు. టైఫాయిడ్ కొంచెం ఎలా ఉంటుందో నాకు అర్థం కాదు.

ల్యాబ్‌టెక్_తెనాలి
ఆ మాట ఎత్తారా, ఇక పేజీలు నిండుతాయి.

పల్లె_డాక్టరు
కొంచెం గర్భం లాంటిదే వాసు గారూ అది. ఎప్పుడో వచ్చి తగ్గిన ఇన్ఫెక్షన్, టీకా, వేరే జ్వరాలు, ఏవైనా ఆ టైటర్‌ని, అంటే వైడాల్ కొలిచే యాంటీబాడీల అంకెని పెంచొచ్చు. ఒక్కసారి చేసిన వైడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చలేం. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే టెస్టు) తీయాలి. కాకపోతే కల్చర్‌కి రోజులు పడుతుంది, ఖర్చు ఎక్కువ. రోగి సాయంత్రానికల్లా పేరు చెప్పమంటాడు. వైడాల్ పేరు చెబుతుంది, ఎవరిదో చెప్పదు.

కృష్ణలంక_క్లినిక్
నేనూ ప్రాక్టీసులో ఉన్నా, పై మాట పూర్తిగా ఒప్పుకోను. వైడాల్ రాయకపోతే రోగి పక్క వీధి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తాడు, అక్కడ వైడాల్‌తో పాటు సెలైన్ కూడా పెడతారు. జీతం వచ్చే చోట కూర్చుని సూత్రాలు చెప్పడం తేలిక.

పల్లె_డాక్టరు
జీతం మాట నిజమే, ఒప్పుకుంటా. కానీ రాయడం వేరు, నమ్మడం వేరు కదా డాక్టరుగారూ. రాసి కాగితం పక్కన పెట్టే టెస్టుకి రోగి డబ్బు ఎందుకు?

కృష్ణలంక_క్లినిక్
దానికి నా దగ్గర సమాధానం లేదు. ఓపీ ఉంది, రాత్రికి వస్తా.

మోడరేటర్
ఉదయం నుంచి ఇద్దరు సభ్యులు పేరూ ఫోన్ నంబరూ ఉన్న రిపోర్టుల ఫోటోలు పెట్టారు, తీసేశాం. వివరాలు చెరిపి పెట్టండి. ల్యాబ్ పేర్లు వద్దు.

మిర్చియార్డు_మురళి
అందరూ శాంపిల్ గురించే మాట్లాడుతున్నారు. మా మేనత్త కేసులో శాంపిల్ బాగుంది, మిషన్ బాగుంది, రిపోర్టు నూటికి నూరు కరెక్టు. ఎవరూ చూడలేదు, అంతే. హిమోగ్లోబిన్ 6.2. ల్యాబ్ వాళ్ళు పీడీఎఫ్‌ని క్లినిక్ నంబరుకి పంపారు. అది పాత రిసెప్షనిస్ట్ ఫోన్, ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది. అత్తకేమో "ఏమైనా ఉంటే మేమే ఫోన్ చేస్తాం" అని చెప్పి పంపారు. ఫోన్ రాలేదు కాబట్టి బాగానే ఉన్నానని మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తూనే ఉంది. యార్డులో కళ్ళు తిరిగి పడిపోతే అప్పుడు బయటపడింది. రక్తం ఎక్కించాక కోలుకుంది.

పటమటలంక_పద్మ
మురళి గారూ, మా డాక్టరుగారికి మొత్తం చర్చలో ముందు చూపించబోయేది ఇదే.

పల్లె_డాక్టరు
మురళిగారు చెప్పింది అన్నిటికన్నా పెద్ద లోపం. "ఫోన్ రాకపోతే బాగున్నట్టే" అనే మాట క్లినిక్‌లో నిషేధించాలి. బాగున్నా చెప్పాలి, బాగోకపోయినా చెప్పాలి.

పద్మగారి డాక్టరుకి నా సలహా ఒక నోట్‌బుక్. పంపిన ప్రతి టెస్టుకీ ఒక వరస. పంపిన తేదీ, రిపోర్టు వచ్చిన తేదీ, డాక్టరు చూసి పెట్టిన సంతకం, రోగికి చెప్పిన తేదీ, ఎవరు చెప్పారు. రోజూ క్లినిక్ మూసేముందు ఖాళీ గడులు ఎక్కడున్నాయో చూడాలి. ఖాళీ గడి ఉందంటే రిపోర్టు రాలేదనో, వచ్చి ఎక్కడో పడుందనో అర్థం. కంప్యూటర్ ఉంటే ఎక్సెల్ చాలు. ప్రమాదకరమైన అంకెలకి పీడీఎఫ్ పంపి ఊరుకోకూడదని ల్యాబ్‌తో ముందే ఒప్పందం చేసుకోవాలి. ఫోన్ చేయాలి, ఎత్తినవాళ్ళు అంకె తిరిగి చదివి వినిపించాలి, పేరూ టైమూ రాసుకోవాలి.

ల్యాబ్‌టెక్_తెనాలి
మా వైపు కష్టం కూడా వినండి. ఫోన్ చేస్తే రోగి నంబరు తొమ్మిది అంకెలే ఉంటుంది. లేదా నంబరు రాసే చోట "ఆశా అక్కని అడగండి" అని ఉంటుంది. పేర్లయితే చెప్పక్కర్లేదు. ఒకే ఉదయం ముగ్గురు వెంకటేశ్వరరావులు, అందులో ఇద్దరి ఇంటిపేరు కూడా ఒకటే. ట్యూబులన్నీ తీశాక బల్ల దగ్గర కూర్చుని లేబుళ్ళు అంటిస్తే మారిపోక ఏమవుతాయి? రోగి ఎదురుగానే, పేరు ఆయన చేత చెప్పించుకుని, వయసూ ఫోన్ చివరి నాలుగంకెలూ రాసి అంటించాలి. "మీరు వెంకటేశ్వరరావేనా" అని అడిగితే ముగ్గురూ ఔననే అంటారు.

నాలుగోలైను_నాగు
మా బ్రాడీపేటలో అయితే లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు కూడా రాయాలి.

ఏఎన్‌ఎం_గారి_భర్త
మా ఆవిడ విలేజ్ క్లినిక్‌లో చేస్తుంది. కిందిస్థాయి కేంద్రంలో 14 రకాల టెస్టులు, పీహెచ్‌సీలో 63 అని ఉచిత పరీక్షల పథకంలో ఉంటుంది. బోర్డు మీద అన్నీ ఉంటాయి. స్ట్రిప్పులు ఒక నెల ఉంటాయి, ఒక నెల ఉండవు. ఉన్నప్పుడు డబ్బా మే నెలలో రేకుల షెడ్డులో. డబ్బా మీద 30 డిగ్రీలు దాటకూడదని రాసుంటుంది, మన ఎండ సంగతి తెలిసిందే. ఒకాయనకి షుగర్ 380 వచ్చింది. కంగారుపడి వేరే వేలితో చూస్తే 160. ఆయన నూజివీడు రసాలు తిని చెయ్యి లుంగీకి తుడుచుకుని వచ్చాడు.

వన్‌టౌన్_వాసు
మామిడికాయకి షుగర్ 380 అన్నమాట.

ల్యాబ్‌టెక్_తెనాలి
నవ్వొద్దు, చాలా మామూలు అది. స్పిరిట్‌తో తుడిచినా పండ్ల చక్కెర పూర్తిగా పోదు. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరాక గుచ్చాలి. కడగడానికి నీళ్ళు లేకపోతే మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క తీసుకోవాలి. వేలిని గట్టిగా పిండకూడదు, కణజాలంలోని నీరు కలిసి హిమోగ్లోబిన్ కూడా తక్కువ చూపిస్తుంది.

కొత్తపేట_కామాక్షి
నాదో చిన్న డౌటు. నాకు థైరాయిడ్ మాత్ర డోసు మారలేదు. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్ర మొదలుపెట్టాక థైరాయిడ్ టెస్టులో టీఎస్‌హెచ్ ఒక్కసారిగా పడిపోయింది. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

కృష్ణలంక_క్లినిక్
ఓపీ అయింది. ఉండొచ్చమ్మా. కొన్ని మిషన్ల పద్ధతిలో బయోటిన్ అడ్డుపడి టీఎస్‌హెచ్‌ని తక్కువగా, థైరాయిడ్ హార్మోను టీ4ని ఎక్కువగా చూపిస్తుంది. ఎక్కువ డోసు బయోటిన్ అయితే రెండు మూడు రోజులు ఆపి మళ్ళీ చేయించండి. థైరాయిడ్ మాత్ర మాత్రం మీ అంతట మీరు తగ్గించకండి. టెస్టు రాసేటప్పుడు ఏమేం వాడుతున్నారో అడగాల్సింది మేమే. జుట్టు మాత్రల్ని మందు కింద ఎవరూ చెప్పరు, అడిగితేనే చెబుతారు.

పల్లె డాక్టరుగారూ, మీ నోట్‌బుక్ గడుల ఫోటో ఉంటే పెట్టండి. మా కాంపౌండర్‌కి చూపిస్తా. వైడాల్ సంగతి వేరే థ్రెడ్‌లో తేల్చుకుందాం.

పల్లె_డాక్టరు
పేర్లు చెరిపి రేపు పెడతా. చేతిరాత మాత్రం నాదే, అర్థం కాకపోతే మీ మెడికల్ షాపు అబ్బాయిని అడగండి.

పటమటలంక_పద్మ
మొదటి ల్యాబ్ నుంచి ఇప్పుడే ఫోన్. పొటాషియం మళ్ళీ ఉచితంగా చేస్తారట, పొద్దున్నే కుర్రాడిని పంపిస్తారట. సంచి లేకుండా రమ్మనండి, మేమే ల్యాబ్‌కి వస్తాం అన్నాను.